పది మార్కులు తగ్గితే పని అయిపోయినట్టేనా?

"అన్నా, పోయిన మాక్‌లో 105 వచ్చాయి. ఈసారి 95. నా పని అయిపోయింది." రాత్రి పదకొండింటికి మా పిన్ని కొడుకు ఫోన్. గొంతు పూడుకుపోయింది.

"ఎన్ని తెలిసి పెట్టావురా?"

"రెండుసార్లూ 80. మిగతావి గుడ్డిగా కొట్టా."

ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు. నెగటివ్ మార్కుల్లేవు కాబట్టి కొట్టడం తప్పేం కాదు. కానీ ఆ కొట్టుడుకీ ఓ లెక్కుంది. నాలుగు ఆప్షన్లు కదా, ఒక్కోటి తగిలే ఛాన్స్ పావు వంతు. 80 కొడితే సగటున 20 తగులుతాయి. అలాగని ప్రతిసారీ సరిగ్గా 20 రావు. ఎంత అటూఇటూ అవుతాయి?

80ని తగిలే ఛాన్స్ 0.25తో, తగలని ఛాన్స్ 0.75తో గుణిస్తే 15. దాని వర్గమూలం సుమారు 3.9. ఇదే స్టాండర్డ్ డీవియేషన్. 20కి కిందికీ పైకీ దీనికి రెండింతలు వెళ్లండి. 13 నుంచి 27 వస్తుంది. నూటికి దాదాపు 95 సార్లు ఫలితం ఈ హద్దుల్లోనే ఉంటుంది. ఇంటర్లో బట్టీపట్టిన బైనోమియల్ ఇదే!

తెలిసిన 80 కరెక్టే అనుకుని కలిపితే 93 నుంచి 107. వాడి 95, 105 రెండూ అందులోనే ఉన్నాయి. చదువు తగ్గిందనడానికి ఇది సాక్ష్యం కాదు. ఊగింది లక్కు.

"మరి ఏం చెయ్యాలన్నా?"

"ఇంకో పది ప్రశ్నలు తెలిసి పెట్టేలా చదువు. సగటు ఏడున్నర మార్కులు పెరుగుతుంది. అది లక్కు కాదు, నీది. ఇప్పుడైతే పడుకో."