తాడు తొక్కాడా... తాట తీస్తారు!

2025 ఆగస్టు 3. లండన్‌లోని ఓవల్‌ మైదానం. ఇంగ్లండ్‌ ఆటగాడు హ్యారీ బ్రూక్‌ బంతిని గాల్లోకి లేపాడు. బౌండరీ దగ్గర కాచుకుని ఉన్న మన హైదరాబాదీ మహ్మద్‌ సిరాజ్‌ దాన్ని భేషుగ్గా పట్టేశాడు. బౌలర్‌ ప్రసిద్ధ్‌ కృష్ణ చేతులు చాచి సంబరం మొదలెట్టేశాడు కూడా. అంతలోనే సిరాజ్‌ కాలు వెనక్కి పడింది... తాడు మీద! వికెట్‌ రావాల్సిన చోట సిక్సర్‌ వచ్చింది. 19 పరుగుల దగ్గర బతికిపోయిన బ్రూక్‌ ఏకంగా 111 బాదాడు.

ఇంకేముంది... మ్యాచ్‌ తేలకముందే ఫోన్లలో సిరాజ్‌ కాలి మీద జోకులే జోకులు. ఓ సినిమా బొమ్మ, దాని నెత్తిన రెండు ముక్కలు... మీమ్‌ తయార్‌! తెలుగువాళ్లకైతే బొమ్మ కోసం వెతుక్కునే శ్రమ కూడా లేదు. బ్రహ్మానందం ఉండనే ఉన్నారు. ఎంత ఓటమికి అంత ముఖం ఆయన దగ్గర దొరుకుతుంది.

ఓడినవాళ్లను ఆటపట్టించడం మనకు కొత్తేమీ కాదు. 2007 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్‌ చేతిలో మనవాళ్లు చిత్తయినప్పుడు ఎస్సెమ్మెస్‌ జోకులు ఇంటింటికీ తిరిగాయి. కాకపోతే అవి స్నేహితుల మధ్యే చక్కర్లు కొట్టేవి. కెప్టెన్‌ ద్రవిడ్‌ ఫోన్‌దాకా మన జోకు వెళ్లే దారే లేదు. ఇప్పుడా దారి బార్లా తెరిచి ఉంది. ఆటగాడి పేరు తగిలించి వదిలితే చాలు, నేరుగా అతని అరచేతిలోనే పడుతుంది. సరదాగా రాసిందీ, కడుపుమంటతో రాసిందీ ఒకే గుమ్మంలోంచి లోపలికొస్తాయి.

తాడు తొక్కినవాణ్ని చూస్తే నవ్వొస్తుంది. ఆపుకోవడం ఎవరి తరమూ కాదు. కానీ, 2019 ఐపీఎల్‌లో జరిగింది వేరు. ఆ ఏప్రిల్‌ 5న బెంగళూరులో కోల్‌కతా మీద సిరాజ్‌ వేసినవి 2.2 ఓవర్లు, ఇచ్చినవి 36 పరుగులు. పైగా రెండు బీమర్లు వేయడంతో మధ్యలోనే బౌలింగ్‌ ఆపించేశారు. 205 కొట్టిన బెంగళూరు ఓడింది. ఆ సీజన్‌లో తనకు వచ్చిన సందేశాల గురించి సిరాజ్‌ తర్వాత చెప్పుకొచ్చాడు. క్రికెట్‌ మానేసి మీ నాన్నతో కలిసి ఆటో నడుపుకో అన్నారట.

తండ్రి మహ్మద్‌ గౌస్‌ నిజంగానే ఆటోడ్రైవర్‌. హైదరాబాద్‌ వీధుల్లో ఆటో తిప్పిన సంపాదనతోనే కొడుకును క్రికెటర్‌ని చేశారు. బంతి వేసింది కొడుకైతే మాట పడింది తండ్రి ఆటో! ఆ సందేశం పంపిన చేతులు ఎన్నిసార్లు ఆటోను ఆపి ఎక్కి ఉంటాయో మరి.

బాగా ఆడితే పొగుడుతారు, ఆడకపోతే తిడతారు, రెండూ పట్టించుకోకని ధోనీ సలహా ఇచ్చాడట. ఏడాదిన్నర గడిచింది. 2020 అక్టోబరు 21న అబుదాబిలో అదే కోల్‌కతా మీద సిరాజ్‌ నాలుగు ఓవర్లు వేసి, 8 పరుగులకే మూడు వికెట్లు తీశాడు. అందులో రెండు మెయిడెన్లు. ఐపీఎల్‌లో ఒకే మ్యాచ్‌లో అలా వేసిన మొదటి బౌలర్‌ అతనే. నెల తిరక్కముందే, నవంబరు 20న, గౌస్‌ కన్నుమూశారు. సిరాజ్‌ అప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. వెనక్కి రాకుండా అక్కడే ఉండి మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు, బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు పడగొట్టాడు. జనవరిలో శంషాబాద్‌లో విమానం దిగి, ఇంటికి పోకుండా తిన్నగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు.

గెలుస్తూ వచ్చినవాళ్లనూ వదల్లేదు మనవాళ్లు. 2017, 2018 ప్రపంచ బ్యాడ్మింటన్‌ ఫైనల్స్‌లో ఓడినందుకు పి.వి.సింధుకు ‘సిల్వర్‌ సింధు’ అని పేరు పెట్టారు. ప్రపంచంలో రెండో స్థానం కూడా వెక్కిరింతకు పనికొచ్చింది! 2019 ఆగస్టులో బాసెల్‌లో ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి స్వర్ణం తెచ్చాక ఆ పేరు మూలనపడింది.

ఇక ఓవల్‌ సంగతి. ఆగస్టు 4 పొద్దున్నే లేచిన సిరాజ్‌, గూగుల్‌లో రొనాల్డో బొమ్మ ఒకటి వెతికి ఫోన్‌లో పెట్టుకున్నాడు. దాని మీద ‘బిలీవ్‌’ అని ఒక్కటే మాట. ఇంగ్లండ్‌కు కావాల్సినవి 35 పరుగులు, చేతిలో నాలుగు వికెట్లు. ఆ నాలుగింట్లో మూడు సిరాజ్‌వే. చివరిది యార్కర్‌. అట్కిన్సన్‌ వికెట్‌ ఎగిరిపడింది, భారత్‌ ఆరు పరుగులతో గెలిచింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది కదా... ఆ సాయంత్రం ఫోన్లన్నీ ‘డీఎస్పీ సార్‌’కు సెల్యూట్లు కొట్టాయి. నిన్నటి తాడు ఎవరికీ గుర్తు లేదు.