పెరటి టమాట: పోల్చవలసినదేమిటి?

మిద్దె తోటలు, పెరటి తోటలు పెంచేవారిలో పాతకాలపు టమాట రకాలపై ఆసక్తి పెరుగుతున్నది. అమెరికాకు చెందిన బ్రాండీవైన్, చెరోకీ పర్పుల్, క్రిమియా నుండి వచ్చిన బ్లాక్ క్రిమ్ వంటి రకాల విత్తనాలు చిన్న పొట్లాలలో మన ఊళ్లకూ చేరుతున్నాయి. ఈ ఉత్సాహం స్వాగతించదగినదే. అయితే నాలుగు రకాలు నాటి, ఇది బాగున్నది, అది బాగాలేదు అనుకున్నంత మాత్రాన అది పోలిక కాదు. ఆ నాలుగింటిలో మన నాటు రకం ఒక్కటైనా లేకపోతే ఆ శ్రమకు ఫలితమూ తక్కువే అని నా అభిప్రాయం.

పాత రకాలకు రుచి ఎక్కువ అనే మాట జ్ఞాపకాల మీద మాత్రమే ఆధారపడినది కాదు. నాటు కాయ పండక ముందు తొడిమ చుట్టూ ముదురాకుపచ్చ రంగు కనిపిస్తుంది. సంతలో కాయ అంతటా ఒకే రంగు తిరగాలి గనుక ప్రజనన శాస్త్రవేత్తలు దశాబ్దాల తరబడి ఈ పచ్చదనం లేని మొక్కలనే ఎంచుకుంటూ వచ్చారు. ఆ ఎంపికకు చెల్లించిన మూల్యం ఏమిటో 2012లో 'సైన్స్' పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. ఒకే రంగు తిరగడానికి కారణమైన జన్యు మార్పు వలన జీఎల్‌కే2 అనే జన్యువు పనిచేయదు. కాయలో పత్రహరితం తగ్గుతుంది, దానితోపాటు చక్కెరలూ తగ్గుతాయి. 2017లో అదే పత్రికలో 398 రకాలను పరిశీలించిన మరొక పరిశోధన, రుచికి తోడ్పడే సువాసన పదార్థాలు అనేకం ఆధునిక రకాలలో తగ్గిపోయినట్లు తేల్చింది.

దీనికి ప్రజనన శాస్త్రవేత్తలను తప్పుపట్టి ప్రయోజనం లేదు. మదనపల్లెలో క్రేటుకు ఎత్తిన కాయ వందల కిలోమీటర్లు లారీలో ప్రయాణించి నలగకుండా దిగాలి. రైతుకు ధర తెచ్చేది గట్టిదనం, పరిమాణం, రంగు. రుచికి ఏ వేలంలోనూ వెల కట్టరు. మా పరీక్షా క్షేత్రాలలోనూ దిగుబడి, కాయ బరువు, తెగుళ్ల తాకిడి ముందు వరుసలో ఉంటాయి. చారు ఎలా కుదిరిందన్న గడి మాత్రం ఏ పట్టికలోనూ ఉండదు. పరిశోధనా క్షేత్రం కొలవని ఆ గుణాన్ని కొలవగలది పెరడే. కనుకనే పెరటి పోలికను కాలక్షేపంగా కాక, పద్ధతిగా చేయవలసి ఉన్నది.

ఇక్కడ మరొక చిక్కున్నది. విదేశీ పాత రకాలకు వచ్చిన పేరు చాలావరకు కాయను ముక్కలుగా కోసి పచ్చిగా తినే అలవాటు వలన వచ్చినది. మన వంటింట టమాటకు అప్పగించిన పని వేరు. పప్పులోకి, చారులోకి, రోటి పచ్చడిలోకి కావలసినది పులుపు, రసం. చిన్నగా, కాస్త అణిగినట్లు, నొక్కులు నొక్కులుగా ఉండి పలుచని తోలుతో పండే నాటు కాయ రెండు మూడు రోజులకు మించి నిలవదు గాని, చారులో చింతపండు అవసరాన్ని బాగా తగ్గిస్తుంది. తీపి ఎక్కువగా ఉన్న కాయకు మార్కులు వేసే కొలబద్దను మనం అరువు తెచ్చుకోనక్కరలేదు.

వాతావరణాన్నీ గమనించాలి. పగలు 35, రాత్రి 25 డిగ్రీల సెల్సియస్ దాటితే పుప్పొడి శక్తి తగ్గి పూత రాలుతుంది. బ్రాండీవైన్ వంటి పెద్దకాయ రకాలు పంటకు రావడానికి ఎక్కువ కాలం తీసుకుంటాయి. వీటిని వేసవికి దగ్గరగా నాటి, కాయలేదని నిందించడం అన్యాయం. సెప్టెంబరులో నారు పోసి, 25-30 రోజుల నారు నాటితే చలికాలపు పూత నిలుస్తుంది. ఆకుముడత వైరస్‌ను తట్టుకొనే శక్తి పాత రకాలలో సాధారణంగా ఉండదు. తెల్లదోమ చేరకుండా నారుమడిపై సన్నని నైలాన్ వల కప్పడం తప్పనిసరి.

ఒక నాటు రకం, మారుతం లేదా పూసా రూబీ వంటి ఒక సూటి రకం, ఒక సంకర రకం, మనసైన విదేశీ రకం ఒకటి: ఈ నాలుగు చాలు. తమిళనాడులోని అన్నంజి అనే స్థానిక రకం నుండి ఉత్పరివర్తనం ద్వారా రూపొందించిన పీకేఎం-1 దొరికితే మరీ మంచిది. నాటు విత్తనం విలువ ఏమిటో అదే చెబుతుంది. ఒకే రోజు విత్తి, ఒకే మట్టి మిశ్రమంలో, రకానికి కనీసం ఐదు మొక్కలు పెంచాలి. ఒక్కొక్క రకాన్ని ఒకే వరుసలో పెట్టరాదు. పిట్టగోడ నీడ పడిన వరుస ఓడిపోతే ఆ ఓటమి రకానిది కాదు. సమానంగా పండిన కాయలను సమాన బరువులో తీసుకొని, ఏ గిన్నెలో ఏ రకమున్నదో చెప్పకుండా ఇంటివారి చేత చారు రుచి చూపించాలి.

చెరోకీ పర్పుల్ చరిత్ర ఇక్కడ ప్రస్తావించదగినది. 1990లో టెన్నెస్సీ రాష్ట్రవాసి ఒకరు పంపిన పేరులేని విత్తనాన్ని, వృత్తిరీత్యా రసాయన శాస్త్రవేత్త అయిన క్రెయిగ్ లెహూలియర్ తన తోటలో పెంచి, దాని వింత రంగును గుర్తించి, పేరు పెట్టి విత్తన సంస్థలకు అందించారు. నేడు అది ఖండాలు దాటి మన మిద్దెలకు వచ్చింది. మన విత్తనానికి ఆ భాగ్యం ఇంకా కలగలేదు. గోదావరి ప్రాంతపు పెద్దల నోట రామములగ, చిత్తూరు వైపు తక్కాళి అన్న మాటలు ఇంకా వినిపిస్తాయి గాని, 'నాటు' అన్న ఒక్క మాట కింద ఎన్ని వేర్వేరు రకాలు ఒదిగి ఉన్నాయో ఎవరూ వేరు చేసి రాయలేదు. వాటిని ఏటేటా విత్తనం కట్టి కాపాడుతున్నవారిలో ఎక్కువమంది వృద్ధులు. వారి తరువాత ఆ పెరళ్లలో ఏమి మొలుస్తుందన్నదే నా ఆందోళన.

విత్తనం కట్టడం కష్టమేమీ కాదు. టమాటలో స్వపరాగ సంపర్కమే అధికం. అయితే కొన్ని పాత రకాలలో కీలాగ్రం బయటకు పొడుచుకొని ఉండి పరపరాగ సంపర్కానికి అవకాశమిస్తుంది. పూలగుత్తికి పలుచని గుడ్డ సంచి తొడిగితే సరిపోతుంది. గుజ్జును ఒకటి రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టాలి. సంకర రకం విత్తనం మాత్రం కట్టవద్దు, మరుసటి తరంలో గుణాలు చెదిరిపోతాయి.

రైతుల రకాలను నమోదు చేసుకొనే వీలును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కల్పించింది. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. కొరవడినది పెరటికీ ఆ కేంద్రానికీ మధ్య దారి. కృషి విజ్ఞాన కేంద్రాలు ఏటా రబీ సన్నాహాల వేళ ఒక రోజును నాటు కూరగాయ విత్తనాల సేకరణకు కేటాయించాలని ప్రతిపాదిస్తున్నాను. తెచ్చిన ప్రతి పొట్లం మీద ఊరు, మండలం, విత్తనం కట్టిన సంవత్సరం, ఆ ఇంట అది ఎన్నేళ్లుగా ఉన్నది, దానితో ఏమి వండుతారు, వారు దానిని ఏ పేరుతో పిలుస్తారు అన్నవి రాయించాలి.