రాయి ఇచ్చే గవాహీ

"మౌత్ రాసి ఉంటే ఎక్కడున్నా వస్తుంది" అని మన ఇళ్లలో బుజుర్గులు అంటుంటారు. అది మన అఖీదా, అందులో షక్ లేదు. కానీ ఖత్రా ఉందని ఖబర్ అందాక కూడా కదలకుండా కూర్చోవడానికి ఆ మాటనే బహానా చేసుకుంటున్నాం. నా అభ్యంతరం దాని మీదే. ఇండోనేషియాలోని మెరాపి అగ్నిపర్వతం కథ వింటే నేనెందుకిలా అంటున్నానో అర్థమవుతుంది.

యోగ్యకర్తకు ఉత్తరాన ఉందా కొండ. దాని వాలులో కినాహ్రెజో అనే పల్లె. సుల్తాన్ నియమించిన కొండ కావలి మ్బా మరిజాన్ అక్కడే ఉండేవారు. దీన్‌దార్ మనిషి. 2006లో మెరాపి రేగినప్పుడు ఊరు ఖాళీ చేయమన్నా ఆయన కదల్లేదు, బతికారు. దాంతో దేశమంతా పేరు మోగింది. 2010 అక్టోబర్‌లో మళ్లీ ఖాళీ చేయమన్నారు. మళ్లీ కదల్లేదు. 26వ తేదీ సాయంత్రం మండే బూడిద పల్లె మీదికి దూసుకొచ్చింది. మయ్యత్ సజ్దా స్థితిలో దొరికిందని వార్తలొచ్చాయి. ఆయన్ని ఒప్పించి తీసుకుపోదామని వెళ్లినవాళ్లూ ఆ ఇంట్లోనే పోయారు. అల్లాహ్ అందరికీ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక.

కొండ అదే, మనిషి అదే. మరి రెండోసారి ఏం మారింది? ఆ సవాల్‌కు జవాబు రాళ్లలో దొరికింది.

భూమి లోపల కరిగి ఉన్న రాయిని మాగ్మా అంటారు. అందులో ప్లాజియోక్లేజ్ లాంటి స్ఫటికాలు ఉల్లిపాయలా పొరలు పొరలుగా పెరుగుతాయి. లోతుల్లోంచి కొత్తగా వేడి మాగ్మా వచ్చి కలిస్తే, ఆ తర్వాత పెరిగే పొరలో కాల్షియం వగైరా పాళ్లు మారతాయి. పొరల మధ్య హద్దు మొదట స్పష్టంగా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ తడి గుడ్డ మీద సియాహీ పాకినట్టు చెదురుతుంది. ఎంత చెదిరిందో కొలిస్తే, ఆ వేడి మాగ్మా వచ్చాక కొండ పేలడానికి ఎన్నాళ్లు పట్టిందో తెలుస్తుంది. స్ఫటికంలో చిక్కుకున్న చిన్న గాజు చుక్కల్లో అప్పటి నీరు, గ్యాసుల జాడ కూడా ఉంటుంది.

మెరాపి రాళ్లను ఇలా చదివితే తేలిందేమిటంటే, 2010లో లోతుల్లోంచి వచ్చిన మాగ్మా 2006 నాటికన్నా ఎక్కువ, వచ్చిన వేగమూ ఎక్కువ. అంటే పోయినసారి బతకడం ఈసారి బతుకుతామనడానికి దలీల్ కాలేదు.

ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. స్ఫటికాలు పేలుడు తర్వాతే మన చేతికొస్తాయి. ముందు ఖబర్‌దార్ చేసేవి భూకంప యంత్రాలు, గ్యాసు కొలతలు. ఆ కొలతలకు మానీ ఏమిటో నేర్పేది మాత్రం ఈ రాళ్లే. అమెరికాలో సెయింట్ హెలెన్స్ 1980 నుంచి 1986 దాకా చాలాసార్లు పేలింది. అక్కడి స్ఫటికాల అంచులు పెరిగిన కాలం, ప్రకంపనలూ గ్యాసూ పెరిగిన కాలంతో సరిపోయిందని 2012లో శాస్త్రవేత్తలు చూపారు. రెండు గవాహీలు ఒకటే చెప్పాయి.

2010లో మెరాపి చుట్టూ ప్రమాద పరిధిని చివరికి 20 కిలోమీటర్లకు పెంచి లక్షల మందిని తరలించారు. 350 మందికి పైగా చనిపోయారు. ఆ తరలింపే లేకపోతే ఇంకో 10,000 నుంచి 20,000 ప్రాణాలు పోయేవని శాస్త్రవేత్తల అంచనా.

షామ్‌లో తావూన్ ఉందని తెలిసి హజ్రత్ ఉమర్ (ర.అ.) దారిలోనే వెనక్కి మళ్లారు. తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా అని అడిగితే, వెళ్లేదీ అల్లాహ్ తఖ్దీర్ వైపేనని జవాబిచ్చారు. ఆయన తవక్కుల్ మనకంటే తక్కువా?

మన కోస్తాలో తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు "పోయినసారి ఏం కాలేదు కదా" అనేవాళ్లు ప్రతి బస్తీలో ఉంటారు. పోయినసారి ఏం కాలేదంటే శుక్ర్ చేయండి, ఈసారికి దాన్ని జమానత్ అనుకోకండి. మీరు కదలకపోతే మిమ్మల్ని పిలవడానికి వచ్చినవాడి జాన్ కూడా మీ జిమ్మేదారీయే. ఖబర్ అందగానే పిల్లల్నీ బుజుర్గుల్నీ తీసుకుని బయల్దేరండి. దువా దారిలోనూ చేసుకోవచ్చు.