మిశ్రణ యంత్రాల వద్ద భద్రత: ఆపిన యంత్రం తిరిగి కదలదన్న హామీ అవసరం

ఔషధాలు, కోళ్ల దాణా, ఎరువులు, రంగులు, సబ్బు పొడి, మసాలా పొడులు తయారుచేసే పరిశ్రమలన్నింటిలోనూ ఉమ్మడిగా కనిపించేది మిశ్రణ యంత్రం. ముడిపదార్థాలను నిర్ణీత పాళ్లలో కలిపే ఈ యంత్రాన్ని పరిశ్రమ వర్గాలు బ్లెండర్ అని, మిక్సర్ అని వ్యవహరిస్తాయి. బాయిలర్లు, రియాక్టర్లపై ఉన్నంత దృష్టి దీనిపై సాధారణంగా ఉండదు. చాలా రకాలలో అధిక పీడనం గానీ అధిక ఉష్ణోగ్రత గానీ లేనందున ఇది ప్రమాదరహితమన్న భావన ఏర్పడినది. వాస్తవానికి బలంగా తిరిగే రెక్కలు, గాలిలో తేలే పొడి, స్థిర విద్యుత్తు, మూసివున్న పాత్ర అనే నాలుగు ప్రమాద కారణాలు ఒకేచోట చేరే యంత్రమిది. ఈ దృష్ట్యా దీని ఏర్పాటు, వినియోగం, మరమ్మతులలో విధిగా పాటించవలసిన జాగ్రత్తలను, వాటికి గల చట్టబద్ధ ఆధారాన్ని సమీక్షించడం అవసరం.

ఇటీవలి దుర్ఘటనల నేపథ్యం

2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక ఔషధ పరిశ్రమలో ద్రావకపు ఆవిరి అంటుకొని సంభవించిన పేలుడులో 17 మంది మరణించారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో, ఔషధ మాత్రలలో వాడే సెల్యులోజ్ పొడిని తయారుచేసే కర్మాగారంలో జరిగిన పేలుడు మృతులు, ఆచూకీ లభించనివారు కలిపి 54 మందిని బలిగొన్నది. ఈ రెండింటినీ మిశ్రణ యంత్రాల ప్రమాదాలుగా పరిగణించలేము. అయితే ద్రావకపు ఆవిరి, సన్నని సేంద్రియ పొడి అనేక పరిశ్రమల మిశ్రణ విభాగాలలో నిత్యం ఉండేవే.

అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రం వాకీగన్‌లో 2019 మే 3న జరిగిన దుర్ఘటన నేరుగా మిశ్రణ ప్రక్రియకు సంబంధించినది. అక్కడి సిలికోన్ ఉత్పత్తుల కర్మాగారంలో ఒకదానితో ఒకటి కలపకూడని పదార్థాలు మిక్సింగ్ తొట్టిలో చేరడంతో హైడ్రోజన్ వాయువు వెలువడి, భవనంలో వ్యాపించి పేలినది. నలుగురు కార్మికులు మరణించారు. వేర్వేరు పదార్థాలను ఒకేలా కనిపించే డ్రమ్ములలో ఉంచడం, వాయువును పసిగట్టే పరికరాలు లేకపోవడం వంటి లోపాలను ఆ దేశ రసాయన భద్రతా మండలి దర్యాప్తు వెలుగులోకి తెచ్చినది.

పేలుళ్లు అందరి దృష్టికీ వస్తాయి. యంత్రాన్ని శుభ్రపరుస్తుండగానో, గడ్డకట్టిన సరుకును తొలగిస్తుండగానో అది అకస్మాత్తుగా కదిలి కార్మికుని చేతిని నలిపివేసిన సంఘటనలు అంతగా చర్చకు రావు. ఉత్పత్తి సాగుతున్నప్పుడు యంత్రం మూత మూసి ఉంటుంది. చెయ్యి లోపలికి వెళ్లేది యంత్రం ఆగినదని భావించినప్పుడే. అందువలన ఆపిన యంత్రం తిరిగి కదలదన్న హామీయే ఈ విభాగంలో భద్రతకు మూలం.

ఏర్పాటు దశలోనే పునాది

ఈ హామీకి పునాది యంత్రాన్ని బిగించే రోజుననే పడవలసి ఉంటుంది. విద్యుత్తును పూర్తిగా వేరుచేసే ఐసోలేటర్ స్విచ్ యంత్రానికి సమీపంలో, తాళం వేయడానికి వీలుగా ఉండాలి. అది మరో గదిలోనో, మరో అంతస్తులోనో ఉంటే పని ఒత్తిడిలో అక్కడికి వెళ్లి ఆపివచ్చేవారు అరుదు. విద్యుత్ సరఫరా పోయి తిరిగి వచ్చినప్పుడు యంత్రం దానంతటదే తిరగకుండా నియంత్రణ వలయం ఉండాలి.

రిబ్బన్ బ్లెండర్లలో పాత్ర స్థిరంగా ఉండి లోపలి రెక్కలు తిరుగుతాయి. మూత తెరవగానే యంత్రాన్ని ఆపివేసే ఇంటర్‌లాక్, మూత కింద దృఢమైన జాలీ వీటికి అవసరం. మోటారు ఆగిన తరువాత కూడా రెక్కలు కొంతసేపు తిరిగే యంత్రాలలో, అవి పూర్తిగా నిలిచేవరకు మూత తెరుచుకోని ఏర్పాటు ఉండాలి. అడుగున సరుకు బయటకు వచ్చే ద్వారం గుండా చెయ్యి రెక్కలను తాకే అవకాశం లేకుండా చూడాలి. వి ఆకారపు, డబుల్ కోన్ బ్లెండర్లలో పాత్రయే తిరుగుతుంది కనుక అది తిరిగే పరిధి మొత్తానికి కంచె, కంచె తలుపుకు ఇంటర్‌లాక్ తప్పనిసరి.

పొడి జారేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. యంత్రానికే కాక గొట్టాలకు, లోహపు డ్రమ్ములకు సైతం ఎర్తింగ్ ఉండాలి. సరుకు నింపకముందే ఖాళీగా నడిపి, తిరిగే దిశ, ప్రకంపనలు, బేరింగుల వేడి పరిశీలించి నమోదు చేయాలి.

వినియోగంలో జాగ్రత్తలు

తయారీదారు నిర్దేశించిన పరిమాణానికి మించి సరుకు నింపరాదు. వి ఆకారపు బ్లెండర్లలో ఈ పరిమితి సాధారణంగా పాత్ర సామర్థ్యంలో 50 నుంచి 60 శాతం. అంతకు మించితే మిశ్రమం సరిగా కలవకపోవడమే కాక మోటారుపై భారం పెరుగుతుంది. ప్రతి డ్రమ్ముపై పదార్థం పేరు స్పష్టంగా ఉండాలి. పాత్రలో పోయడానికి ముందు ఇద్దరు వ్యక్తులు దానిని సరిచూడాలి. మండే ద్రావకం ఉన్న పాత్రలోకి సంచినుంచి నేరుగా పొడిని గుమ్మరించడం అత్యంత ప్రమాదకరం. నేలపై, దూలాలపై, కేబుల్ ట్రేలపై పేరుకున్న పొడిని రోజూ తొలగించాలి. చిన్న పేలుడు ఆ పొడిని గాలిలోకి లేపినప్పుడు అంతకంటే పెద్ద పేలుడు సంభవిస్తుంది.

దాణా, మసాలా యూనిట్లలో మహిళా కార్మికులు కూడా పనిచేస్తున్నందున చీర కొంగు, చున్నీ తిరిగే భాగాలలో చిక్కుకోకుండా తగిన పని దుస్తులను యాజమాన్యమే సమకూర్చాలి. మెడలో తువ్వాలు వేసుకొని పనిచేసే అలవాటును మాన్పించాలి.

శుభ్రత, మరమ్మతుల సమయంలో

స్విచ్ ఆపడం వేరు, విద్యుత్తును వేరుచేసి తాళం వేయడం వేరు. లాకౌట్-ట్యాగౌట్‌గా పిలిచే పద్ధతిలో, యంత్రంపై పనిచేసే ప్రతి వ్యక్తీ ఐసోలేటర్‌కు తన సొంత తాళం వేసి, తాళంచెవిని తన వద్దనే ఉంచుకోవాలి. తరువాత యంత్రాన్ని నడపడానికి ప్రయత్నించి అది కదలడం లేదని నిర్ధారించుకోవాలి. కవాటాలను నడిపే గొట్టాలలో మిగిలిన సంపీడన వాయువును వదిలివేయాలి. ఒకవైపు బరువుతో నిలిచిన పాత్ర విద్యుత్తు లేకున్నా తిరగగలదు కనుక దానికి అడ్డుకడ్డీ బిగించాలి.

పాత్రలోకి మనిషి దిగవలసి వస్తే ముందుగా లోపలి గాలిని పరీక్షించాలి. సాధారణ గాలిలో సుమారు 20.9 శాతం ప్రాణవాయువు ఉంటుంది. అది 19.5 శాతం కంటే తగ్గితే లోపలికి వెళ్లరాదు. పేలుడు నివారణకు నింపే నత్రజనికి రంగు, వాసన లేనందున స్పృహ తప్పేవరకు ప్రమాదం తెలియదు. పడిపోయినవారిని రక్షించబోయి, శ్వాస పరికరం లేకుండా దిగినవారు కూడా ప్రాణాలు కోల్పోయే ప్రమాదం ఉన్నది.

శుభ్రపరిచే పనిని తరచుగా కాంట్రాక్టు కార్మికులకు అప్పగిస్తుంటారు. వీరిలో ఒడిశా, బీహార్ తదితర రాష్ట్రాల నుంచి వచ్చినవారు గణనీయంగా ఉన్నారు. హెచ్చరిక బోర్డులు, శిక్షణ తెలుగు, ఇంగ్లీషులకే పరిమితమైతే వాటి ప్రయోజనం నెరవేరదు. ఒడియా, హిందీ భాషలలోనూ, బొమ్మల రూపంలోనూ సూచనలు ఇవ్వాలి.

చట్టం ఏమంటున్నది

ఈ జాగ్రత్తలలో పలు అంశాలు కొత్తవి కావు. కర్మాగారాల చట్టం, 1948 లోని 21వ సెక్షన్ ప్రమాదకర యంత్రభాగాలకు కంచెను, 36వ సెక్షన్ మూసివున్న పాత్రలలోకి ప్రవేశంపై ఆంక్షలను, 37వ సెక్షన్ పేలుడు స్వభావంగల పొడి, వాయువుల నియంత్రణను నిర్దేశించాయి. భోపాల్ దుర్ఘటన అనంతరం 1987లో చేసిన సవరణ యంత్రాల రూపకర్తలు, తయారీదారులపై సైతం బాధ్యత మోపినది.

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 అమలులోకి వచ్చినది. ప్రమాదకర ప్రక్రియలున్న కర్మాగారాలలో 250 మంది, ఇతర కర్మాగారాలలో 500 మంది కార్మికులు ఉంటే భద్రతాధికారిని నియమించాలని కోడ్ నిర్దేశిస్తున్నది. పాత చట్టంలో ఈ పరిమితి సాధారణంగా 1,000 మంది. ఇది స్వాగతించదగిన మార్పు. మరోవైపు, విద్యుత్తు వాడే యూనిట్ కర్మాగారంగా పరిగణన పొందడానికి కావలసిన కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి పెరిగినది. ఒకటి రెండు బ్లెండర్లతో నడిచే చిన్న దాణా, మసాలా, ఎరువుల మిశ్రణ యూనిట్లు అనేకం ఈ రెండు సంఖ్యల మధ్య ఉండేవే. పది మంది పనిచేసే సంస్థలకు యజమాని సాధారణ విధులు వర్తిస్తాయి. అయినా కర్మాగారాలకే ప్రత్యేకించిన పర్యవేక్షణ వీటికి తగ్గే అవకాశం ఉన్నందున అధికారులు వీటిపై విడిగా దృష్టి సారించవలసి ఉన్నది.

తనిఖీలో పరిశీలించవలసిన అంశాలు

ధ్రువపత్రాలు సక్రమంగా ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్లు కాదు. ఇంటర్‌లాక్‌ను తీగతో గానీ టేపుతో గానీ పనిచేయకుండా చేశారా, మరమ్మతు సిబ్బంది సంఖ్యకు తగినన్ని తాళాలు ఉన్నాయా, గత నెలలో యంత్రాన్ని శుభ్రపరిచిన రోజులకు పని అనుమతి పత్రాలు ఉన్నాయా అన్నవి అక్కడికక్కడే తేలగల విషయాలు. ప్రమాదం జరిగినప్పుడు పాత్రికేయులు సైతం కార్మికుని అజాగ్రత్త అన్న తొలి వివరణతో ఆగక ఇవే ప్రశ్నలు వేయడం ప్రజాప్రయోజనకరం. యంత్రం ఆగి ఉన్న సమయంలో ఐసోలేటర్‌కు తాళం ఉన్నదా, దాని చెవి ఎవరి వద్ద ఉన్నది అన్న ప్రశ్నకు యాజమాన్యం ఇచ్చే సమాధానం ఆ కర్మాగారంలో భద్రత స్థాయిని తెలియజేస్తుంది.