పాఠకుని లిపిలో తెరుచుకోవలసిన ద్వారం

భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయానికి పుట్టినిల్లు ఖరగ్‌పూర్. 2015లో ప్రయోగాత్మకంగా మొదలై, 2018 జూన్‌లో జాతికి అంకితమైన ఈ వ్యవస్థను రూపొందించినది అక్కడి ఐ.ఐ.టి. అదే పట్టణంలో, బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తరతరాలుగా తెలుగు కుటుంబాలు జీవిస్తున్నాయి. ఆ రైల్వే కార్మికుని బిడ్డకు తెలుగు పుస్తకం ఎంత సులభంగా దొరుకుతుందన్నదే ఈ గ్రంథాలయానికి నిజమైన పరీక్ష.

ఈ గ్రంథాలయం పుస్తకాలన్నింటినీ ఒకచోట పోగుచేయదు. అనేక సంస్థల కేటలాగు వివరాలను సేకరించి, పాఠకుణ్ణి మూల సంస్థ వద్దకు పంపుతుంది. భాషను, విద్యాస్థాయిని బట్టి వడపోసే వీలు కల్పించింది. ఇది ప్రశంసనీయమే. అయితే కేటలాగులో వివరం సరిగా లేని పుస్తకం, ఉండీ లేనట్టే.

పూర్వపు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి, వాటిలో అనేకం పేర్లను రోమన్ లిపిలోనే నమోదు చేసింది. "శతకము" అన్న ఒక్క మాటనే చూడండి. "శ"కు రెండు విధాలు, "త"కు రెండు విధాలు, చివర "ము" అనో సున్నా అనో రెండు విధాలు; వెరసి ఎనిమిది రూపాలు! పాఠకుడు ఏ రూపంతో వెదకాలి?

పాఠకుని అలవాట్లను గమనించి యంత్రమే అభిరుచిని గ్రహిస్తుందని కొందరు వాదిస్తారు. కంటపడని పుస్తకాన్ని ఎవరు ఎంచుకుంటారు? ఎంచుకోనివానికి అభిరుచి లేదని యంత్రం తీర్మానిస్తుంది. తెలుగు దొరకనివాడు తెలుగు అక్కరలేనివాడుగా లెక్కకు వస్తాడు. ఇది సౌలభ్యం కాదు, అన్యాయం.

ప్రతి పాఠకునికి అతని పుస్తకం అందాలని రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు. ఆ సూత్రం నేటికీ చాలును. పుస్తకం పేరు మూల లిపిలో ఉండాలి. ఇంటిపేరుతో ఒకచోట, ఇంటిపేరు లేకుండా మరొకచోట నమోదైన రచయితను ఒక్కరిగా గుర్తించాలి. తన భాషను, అవసరాన్ని పాఠకుడే చెప్పుకోవాలి, యంత్రం ఊహించరాదు.

తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. హోదా కాగితంపై ఉంటే చాలదు, కేటలాగులోనూ కనబడాలి. ఆ పని ఖరగ్‌పూర్‌లోనే ఆరంభం కావడం సముచితం.