గోడ గడియారం ఇవ్వొచ్చా?

గృహప్రవేశానికి ఏం తీసుకెళ్దాం అంటే మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే జవాబు: గోడ గడియారం. బెజవాడ వచ్చి, బీసెంట్ రోడ్డులో నాలుగు షాపులు తిరిగి, బేరమాడి, చివరికి పోయినసారి కొన్నలాంటిదే కొంటాం. మొన్న గుడివాడలో పిన్ని వాళ్ల కొత్తింటికీ అదే ప్యాక్ చేయించాం. సరిగ్గా ఆ వారమే నా చైనీస్ యాప్‌లో బహుమతుల పాఠం వచ్చింది.

చైనీస్ ఎందుకురా అంటారా? నాది ఈసీఈ. మినీ ప్రాజెక్టుకి కొన్న మాడ్యూల్ డేటాషీట్ మొత్తం చైనీస్‌లో ఉంది, అక్కడ మొదలైంది. పైగా 2015లోనే ఫాక్స్‌కాన్ మన శ్రీసిటీలో ఫోన్లు చేయడం మొదలెట్టింది. రేపు నా పక్క సీట్లో తైవాన్ ఇంజనీర్ ఉండొచ్చు కదా.

బహుమతిని 'లీవూ' అంటారు. ఇవ్వడం 'సోంగ్', గడియారం 'జోంగ్'. రెండూ కలిపి పలికితే, పోయేవాళ్ల దగ్గర చివరిదాకా ఉండి సాగనంపడం అనే మాటకీ దీనికీ తేడా వినిపించదు. అందుకే గడియారం ఇవ్వరు. గొడుగు 'సాన్', విడిపోవడమూ 'సాన్'. స్వరం ఒక్కటే తేడా, మన లిపిలో అదీ రాయలేం. నాలుగు అంకెకీ చావుకీ అదే గొడవ.

క్లాస్ గ్రూపులో పెడితే అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బియ్యం అయిపోతే మా నానమ్మ 'నిండుకున్నాయి' అంటుంది. గడప దాటేటప్పుడు 'వెళ్తా' అంటే ఊరుకోదు, 'వెళ్ళొస్తా' అనాల్సిందే. కర్చీఫ్ ఇస్తే స్నేహం చెడుతుందని, ఉప్పు చేతికివ్వకూడదని మనమూ అంటాం. ఇంకెవరిని చూసి నవ్వాలి?

నా అభ్యంతరం యాప్ మీద. అది వస్తువులూ దోషాలూ నేర్పి ఆపేసింది. అసలు మాట నాకు తర్వాత ఓ వీడియోలో దొరికింది: 'లీబూ'. పెళ్లిలో ఎవరెంత ఇచ్చారో రాసుకునే పుస్తకం. అంటే మన చదివింపుల పుస్తకమే!

అక్క పెళ్లినాటి పుస్తకం మా బీరువాలో ఉంది. ఏ శుభలేఖ వచ్చినా నాన్న ముందు దాన్ని తీస్తాడు. "వాళ్లు మనకి 1116 రాశారు, ఇప్పుడు 2116 అన్నా రాయించాలి." ఆయనది కౌలు సేద్యం. కాలవకి నీళ్లు రాని ఏడాది ఒక స్నేహితుడి కూతురి పెళ్లికి ఆయన వెళ్లలేదు. ఒంట్లో బాలేదని ఫోన్ చేసి చెప్పాడు. ఆ రోజంతా అరుగు మీదే కూర్చున్నాడు, జ్వరమేమీ లేదు. ఆ స్నేహితుడితో మాటలు ఇప్పటికీ అంతంతమాత్రమే. ఇచ్చిపుచ్చుకోవడం అని మనం తేలిగ్గా అనే మాటలో ఆ రెండో సగం ఎంత బరువో నాకు అప్పుడే తెలిసింది. ఎర్ర కవర్‌ని 'హోంగ్‌బావ్' అంటారని నేర్పేవాళ్లు, ఆ కవర్ కట్టలేనివాడు ఏం చెప్పి తప్పుకుంటాడో కూడా నేర్పాలి. ఏ భాషలోనైనా ముందు కావాల్సింది ఆ వాక్యమే అని నా గట్టి నమ్మకం. మన తెలుగు వాచకాల్లోనూ అది లేదనుకోండి.

గుడివాడలో పిన్ని ప్యాకెట్ అందుకుంటూ "ఇవన్నీ ఎందుకురా" అంది. చైనాలో దీన్నే 'థాయ్ ఖచీ ల' అంటారు, మరీ మర్యాద చేస్తున్నారని. లోపల మంచం మీద అప్పటికే మూడు గోడ గడియారాలున్నాయి. మాది నాలుగోది. ఆ అంకె సంగతి పిన్నికి చెప్పలేదు.