మొక్కకు ముందు పేరు

తొలకరి పడగానే మన విద్యాలయాలన్నింటిలోను మొక్కలు నాటే వేడుక జరుగుతుంది. గోతులు ముందుగానే సిద్ధమవుతాయి, పెద్దలు విచ్చేస్తారు, ఛాయాచిత్రాలు తీసుకోవడమూ జరుగుతుంది. కాని నాటిన మొక్క ఏది, దాని పుట్టినిల్లు ఏది, ఎదిగిన పిమ్మట ఎంత చోటు, ఎంత నీరు కోరుతుంది అని అడిగేవారు అరుదు. మరుసటి ఏడు అదే గోతిలో మరొక మొక్క నాటవలసి వస్తుంది. ఇందుకు కారణం శ్రద్ధ లేకపోవడం కాదు, ముందుగా విచారించే అలవాటు లేకపోవడమేనని మా అభిప్రాయం.

ఒకప్పుడు విచారించడానికి సాధనాలు తక్కువ. పొరుగింటి కొమ్మ, తోటమాలి మాట, బండిమీద కుండీలు అమ్ముకొనేవాని హామీ, ఇవే ఆధారాలు. నేడు ఆ పరిస్థితి లేదు. లండన్‌లోని క్యూ రాజోద్యానం వారు 2017లో ప్రారంభించిన 'ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్' అనే డేటాబేసులో ప్రపంచంలోని సుమారు మూడున్నర లక్షల జాతుల వివరాలున్నవి. 2008లో వెలసిన 'ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్'లో మన దేశపు మొక్కల చిత్రాలు, దేశభాషలలోని పేర్లు దొరుకుతాయి. 1890లో స్థాపించబడిన భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ కూడా తన జ్ఞాననిధిని అంతర్జాలంలో ఉంచుతున్నది. వీటికి రుసుము లేదు, సిఫారసు అక్కరలేదు. విద్యార్థి చేతిలోని ఫోను చాలు. ఇంతటి గ్రంథాలయం అరచేతిలో ఉండగా కన్నుకు నచ్చినదే కొని నాటడం విద్యావంతులకు తగిన పని కాదు.

అయితే గ్రంథాలయంలో అడుగుపెట్టినంత మాత్రాన పండితులు కాలేము గదా! ఈ సమాచార నిధులను వెదికే పద్ధతి ఒకటి కలదు. అందులో మొదటి మెట్టు పేరు.

మన 'గన్నేరు' మాటనే చూడండి. ఎర్రని, తెల్లని పూలు పూచే గన్నేరు నీరియం ఓలియాండర్. పసుపుపచ్చని గంటల వంటి పూలు పూచే పచ్చగన్నేరు వేరొక మొక్క. మెక్సికో, మధ్య అమెరికాలు దాని స్వస్థలం. దర్గాల వద్దను, దేవాలయాల వద్దను పరిమళించే దేవగన్నేరు ప్లుమేరియా. ఇంటి ముంగిట పూచే బిళ్ళగన్నేరు మడగాస్కరు ద్వీపం నుండి వచ్చినది. రక్తపు క్యాన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్ అనే ఔషధాన్ని దానినుండే తీస్తారు. నాలుగింటికీ మన భాషలో ఇంటిపేరు ఒకటే, గుణాలు మాత్రం వేరు. మొదటి రెండింటిలోను గుండెపై పనిచేసే తీవ్రమైన విషం ఉన్నది. పసిపిల్లలు ఆడుకొనే చోట వాటిని నాటరాదు. అదే గన్నేరు పశువులు ముట్టవు గనుక, ఎండకు ఓర్చుకొంటుంది గనుక, రహదారుల నడుమ చక్కగా పనికివస్తుంది. 'గన్నేరు కావాలి' అని చీటీ వ్రాసి పంపితే ఏది వస్తుందో ఎవరు చెప్పగలరు?

ఈ చిక్కును తీర్చడానికే 1753లో స్వీడను దేశీయుడైన లిన్నేయస్ ప్రతి జాతికీ రెండు మాటల లాటిన్ పేరును స్థిరపరచినాడు. ఆ పేర్లు కూడా మారుతుంటాయని కొందరు ఆక్షేపిస్తారు. నిజమే. పచ్చగన్నేరు పాత పుస్తకాలలో థెవీషియా పెరూవియానా, నేడు కాస్కబేలా థెవీషియా. తంగేడు నిన్న క్యాసియా, నేడు సెన్నా. కాని మంచి డేటాబేసులో పాత పేరు వ్రాసినా కొత్త పేరుకు దారి చూపబడుతుంది. అచ్చు పుస్తకానికి లేని సౌలభ్యమిది. ఇక ఫోనుతో ఆకును ఫొటో తీసి పేరు చెప్పించుకొనే పద్ధతి ఒకటి వచ్చినది. అది ఊహకు ఆరంభమే గాని తీర్పు కాదు. పువ్వు, కాయ, ఆకుల అమరిక సరిచూచిన తరువాతనే ఆ పేరును నమ్మవలె.

రెండవ మెట్టు పుట్టినిల్లు. ప్రతి జాతికీ ఏ దేశాలు స్వస్థలాలో, ఏ దేశాలకు మానవుడు దానిని కొనిపోయినాడో ఈ నిధులలో వేరువేరుగా చూపుతారు. ఈ ఒక్క విషయం చూడకపోవడం వల్ల కలిగిన నష్టం మన చెరువులనడిగితే తెలుస్తుంది. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. దాని లేతనీలి పూల అందానికి మురిసి ఉద్యానాల కోసం దేశదేశాలకు కొనిపోయినారు. నేడు చెరువులను కప్పివేసి చేపలకు ఊపిరాడనీయక, తీసినకొద్దీ పెరుగుతున్నది.

మన కాలపు ఉదాహరణ కోనోకార్పస్. శీఘ్రంగా ఎదుగుతుంది, ఎండాకాలంలోను పచ్చగా ఉంటుంది. ఇన్ని సుగుణాలు చూచి హైదరాబాదు మొదలైన నగరాలలో వీధుల పొడవునా నాటినారు. వేళ్ళు కాలువలలో, గొట్టాలలో చొరబడుతున్నవనీ, పుప్పొడి శ్వాసకు ఇబ్బంది కలిగిస్తున్నదనీ పిదప ఫిర్యాదులు వచ్చినవి. హాని ఎంత అన్న విషయంలో శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేకపోయినా, 2023లో గుజరాత్ ప్రభుత్వం, 2025లో తమిళనాడు ప్రభుత్వం దాని పెంపకాన్ని నిషేధించినవి. నాటినదీ ప్రజాధనమే, పెరికినదీ ప్రజాధనమే. నాటుటకు ముందు అరగంట చదివి ఉంటే ఈ రెండు ఖర్చులలో కొంతైనా తగ్గి ఉండేది కాదా?

విదేశీయమైన ప్రతి మొక్కనూ వెలివేయవలెనని మా వాదం కాదు. జామ, బొప్పాయి అమెరికా నుండి వచ్చినవే. సీతమ్మ పేరు ధరించిన సీతాఫలం స్వస్థలం కూడ అమెరికాయే. వచ్చినది ఇల్లు నిలిపేదా, ఇల్లు ఆక్రమించేదా అని విచారించడమే వివేకం.

మూడవ మెట్టు మన నేల, మన ఎండ. ఇక్కడ మాత్రం విదేశీయ సమాచార నిధులను కన్నులు మూసుకొని నమ్మరాదు. అమెరికా వ్యవసాయశాఖ వారు తమ దేశాన్ని 13 మండలాలుగా విభజించి, ఏ మొక్క ఏ మండలంలో బ్రతుకుతుందో చెబుతారు. ఆ విభజనకు ఆధారం చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రత. చలికి మొక్క చచ్చే దేశంలో అది సరియైన కొలత. మన దక్కనులో మొక్కను చంపేది చలి కాదు, మే మాసపు ఎండ, అడుగంటిన బోరుబావి. 'పూర్తి ఎండ కావాలి' అని ఇంగ్లండులో వ్రాసిన మాటకు, 40 డిగ్రీలు దాటిన మన మధ్యాహ్నానికి పొంతన ఎక్కడ?

చిత్రాలలో చూచి పలువురు ముచ్చటపడే ల్యావెండరు సంగతి ఇటువంటిదే. అది మధ్యధరా తీరపు కొండవాలుల మొక్క. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, వేసవి పొడిగా ఉంటుంది. మనకు వాన జూను నుండి సెప్టెంబరు దాకా, వెచ్చదనంతో కలిసి వస్తుంది. ఆ తేమలో దాని వేళ్ళు కుళ్ళుతాయి. అందుచేత డేటాబేసులో చూడవలసినది 'మండలం' అంకె కాదు, ఆ మొక్క స్వస్థలంలో వాన ఎప్పుడు పడుతుంది, ఎండ ఎంత ఉంటుంది అన్న విషయం.

ఇక నాలుగవది, మా దృష్టిలో అత్యంత ముఖ్యమైనది. ఈ నిధులలో తెలుగుకు, ఉర్దూకు ఉన్న చోటు చాలా స్వల్పం. చరిత్ర చూస్తే ఇది విచిత్రంగా తోస్తుంది. 1781లో విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు గోదావరి సీమలోని సామర్లకోట చేరి, అక్కడ తోట వేసి, ఈ నేల మొక్కలను పరిశీలించినాడు. 1795 నుండి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన కోరమండల తీరపు వృక్షగ్రంథంలో 300 చిత్రాలున్నవి. వాటిని గీసినవారు భారతీయ చిత్రకారులు. ఆయన స్థానికులనడిగి తెలుగు పేర్లు వ్రాసుకొన్నాడు. మన అడవులలోని సోమిద చెట్టు పేరే 'సోయ్‌మిడా' అని శాస్త్రనామమై నేటికీ నిలిచి ఉన్నది. రెండు శతాబ్దాల క్రిందట ఒక పరదేశీయుడు మన పెద్దలనడిగి వ్రాసుకొన్న పేర్లను, నేడు మన పిల్లలు మన పెద్దలను అడగకపోవడం న్యాయమా?

రెండు భాషలు కలిసి చదువుకొనే మన వంటి కళాశాలకు ఈ పని మరింత తగినది. హైదరాబాదు ఉర్దూలోని 'కర్యాపాక్' మన కరివేపాకే. తలపాగాపై ధరించే కలికి ఉర్దూలో ఉన్న పేరునుండి వచ్చిన 'తురాయి' తెలుగువారి నోట గుల్‌మొహర్ చెట్టుకు పేరైనది. గోరింట, మెహందీ ఒకటే. పొగడ, మౌల్‌సరీ ఒకటే. పారిజాతం, హర్‌సింగార్ ఒకటే. మనుషులు వేరుకుండలు పెట్టుకొన్నా మొక్కలు రెండు ఇళ్ళలోను పూచినవి. ఈ పేర్లు అమ్మమ్మలతో, నానీలతో పాటు వెళ్ళిపోక ముందే వ్రాసి ఉంచవలసి ఉన్నది.

'తోట ఆనందం కోసం గదా, దానికి కూడ పరీక్షలా?' అని కొందరు నవ్వవచ్చును. ఎండిపోయిన మొక్కల వరుసలో ఆనందం ఏమున్నదో వారే చెప్పవలె. 'మాలికి అంతా తెలుసును' అని మరికొందరు అనవచ్చును. మాలి అనుభవం అమూల్యమని మేమూ అంగీకరిస్తాము. ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ గోడ పక్కన వేడిగాలి కొడుతుందో ఏ డేటాబేసూ చెప్పలేదు, ఆయనే చెప్పగలడు. కాని చీటీమీద ఏ మొక్క వ్రాయవలెనో నిర్ణయించేటప్పుడు ఆయనను పిలిచి అడిగే ఆచారం మనలో ఎక్కడ ఉన్నది?

కనుక కళాశాల కమిటీవారికి మా మనవి ఇది. రాబోయే తొలకరికి ముందుగానే, కొనదలచిన ప్రతి మొక్కకు ఒక పుట కేటాయించవలె. శాస్త్రనామం, తెలుగు పేరు, ఉర్దూ పేరు, స్వస్థలం, ఎదిగిన పిమ్మట ఎత్తు, వేసవిలో కావలసిన నీరు, విషం ఉన్నదీ లేనిదీ ఆ పుటలో ఉండవలె. వృక్షశాస్త్ర విద్యార్థులు డేటాబేసులు వెదకి వ్రాయగలరు, ఉర్దూ, తెలుగు శాఖలవారు పేర్లు సరిచూడగలరు, మాలి తన మాట చేర్చగలడు. ఆ పుటలు చూచిన తరువాతనే కడియం నర్సరీలకైనా, పక్క వీధి నర్సరీకైనా చీటీ వ్రాయవలె. కానుగ, రేల, పొగడ, వేప, తంగేడు వంటివి నర్సరీవారు తామై చూపకపోయినా అడిగి తెప్పించుకొనవలె. ఉన్న చెట్లకు మూడు లిపులలో పేరు పలకలు కట్టవలె. ఇందుకయ్యే ఖర్చు ఒక సన్మానసభకయ్యే శాలువల ఖర్చును మించదు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఫోనులో మీరు గడిపే కాలంలో వారానికి ఒక గంట ఈ పనికి ఇవ్వండి. మీ ఇంటి పెరటిలోని ఒక్క మొక్కతో ప్రారంభించండి. దాని పేరు ఇంటి పెద్దలనడిగి, డేటాబేసులో వెదకి, రెండూ కలిసిన చోట వ్రాసి ఉంచండి. మూడు సంవత్సరాలలో మీరు ఈ ఆవరణ విడిచి వెళ్ళిపోతారు. మీరు విచారించి నాటిన పొగడచెట్టు మాత్రం మీ తరువాత వచ్చే ఎన్నో తరగతులకు నీడనిస్తూ, తన పేరు మూడు లిపులలో తానే చెప్పుకొంటూ నిలిచి ఉంటుంది.